రెండు లైన్ల ప్రార్థన

ఎడిటరు గారి ఫోన్ వచ్చేసరికి చిన్ని వంటింట్లో నిలబడి మాడిపోయిన కుక్కర్ అడుగును చెంచాతో గీకుతోంది. నీళ్ళు పొయ్యకుండానే మూత బిగించి స్టవ్ మీద పెట్టేసింది మహాతల్లి. ఆ వారంలో అది రెండోసారి.

"వందనాలమ్మా! ఒక శుభవార్త," అన్నారు ఎడిటరు గారు. "ఈ శనివారం క్రైస్తవ రచయితల సదస్సు పెడుతున్నాం. ముఖ్య ప్రసంగం మీదే. విషయం కూడా ఖాయం చేసేశాం. 'రచనా పరిచర్యలో ఒత్తిడిని జయించడం ఎలా'."

చిన్నికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపులోకి దిగుతుందోనని భయమేసి, చెంచా సింకులో పడేసి నోరు నొక్కుకుంది.

"మీకంటే ఎవరున్నారమ్మా? ఇన్నేళ్ళుగా రోజుకో పేజీ అంటే మాటలా! దేవుడు మిమ్మల్ని ఎంతగా వాడుకుంటున్నాడో."

"అలాగేనండీ, వస్తాను," అంది చిన్ని.

అదీ వరస! కాదు అనే మాట ఆవిడకి నోరు తిరగదు. సంఘంలో స్త్రీల కూడికకి నాలుగు మాటలు రాసిమ్మంటే సరే. ఎవరింట్లోనో గృహప్రవేశానికి ఆశీర్వాదం రాసిమ్మంటే సరే. ఎవరో చనిపోతే, ఆయన ఎలాంటివాడో తెలియకపోయినా, గొప్పవాడని రాసిమ్మంటే దానికీ సరే. అలసట ఎలా పోగొట్టుకోవాలో చెప్పమని అలసిపోయి పడిపోబోతున్న మనిషినే పిలిస్తే, దానికి కూడా సరే అనేసింది. ఇంతకంటే విడ్డూరం ఉంటుందా?

ఆవిడ అసలు పేరు పుస్తకాల అట్టల మీద ఉంటుంది. పాఠకులు ధ్యానాలమ్మ అంటారు. అక్క మాత్రం చిన్నప్పటి నుంచీ చిన్నీ అనే పిలుస్తుంది, తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా సరే. ఆవిడకి ఆ పిలుపే ఇష్టం కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

చిన్ని రాసేది అనుదిన ధ్యానాల పుస్తకం. ఏడాదికొకటి, రోజుకో పేజీ. పైన వాక్యం, దాని కింద ఒక చిన్న సంగతి, చివర్లో ఆ రోజుకి ప్రార్థన. పక్క పేజీలోకి పోవడానికి వీల్లేదు. అన్నీ కూర్చుకున్నాక కింద మిగిలేది రెండు లైన్ల చోటు. స్తుతి, ఒప్పుకోలు, మనవి, ఆమెన్, ఆ రెండు లైన్లలోనే ఇమడాలి. మొదట్లో ఆవిడ ప్రార్థన మూడో లైనులోకి పోయేది. ప్రెస్సులో పేజీలు కట్టే అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, దేవుడితో కొంచెం తక్కువ మాట్లాడండి" అని నవ్వేది. పోను పోను ఆ అమ్మాయికి ఫోన్ చేసే పనే లేకపోయింది. చిన్ని ప్రార్థనలు కొలతపెట్టి కత్తిరించినట్టు రెండు లైన్లలో వచ్చి పడుతున్నాయి.

ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలీదు. ముందు నిద్ర పోయింది. ఆ తర్వాత మెడ పట్టేసింది. దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. వాక్యం తెరిస్తే అది తనకేం చెప్తోందో వినబడటం మానేసి, ఏ పేజీకి పనికొస్తుందా అని బుర్ర లెక్కలేసేది. ఎవరైనా కళ్ళనీళ్ళతో కష్టం చెప్పుకుంటుంటే ఒక చేత్తో వాళ్ళ వీపు నిమురుతూనే లోపల పేజీ కట్టేసుకునేది. "ఛీ, నేనేం మనిషిని?" అని తర్వాత కుమిలిపోయేది.

వాటన్నిటినీ మించిన సంగతి ఒకటుంది. ఒక రోజు పొద్దున్నే మంచం పక్కన మోకరించి కళ్ళు మూసుకుంది. రెండు లైన్లు వచ్చాయి. నోరు దానంతటదే "ఆమెన్" అనేసింది. కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుని మొదలుపెట్టింది. మళ్ళీ రెండు లైన్లు, ఆమెన్. పైగా ఆ రెండూ ఎప్పుడో అచ్చైపోయినవే. మర్నాడూ అంతే, ఆ పై వారమూ అంతే. తన ప్రార్థన తనకే అరువు తెచ్చుకున్నట్టు అనిపించి, సిగ్గేసి, చివరికి మోకరించడమే మానేసింది. నెలలు గడిచిపోయాయి. ఎవరితో చెప్పుకుంటుంది? ఊరందరికీ ధ్యానాలమ్మ. దీపం కిందే చీకటి ఉందని దీపం ఎవరికి చెప్పుకుంటుంది, పాపం!

భర్తకి కొంత తెలుసు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. రోజంతా మిషను దగ్గర కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే మాత్రం ఒకటి అంటిస్తాడు.

మాడిన కుక్కర్ చూసి, "మళ్ళీనా?" అన్నాడు ఆ సాయంత్రం.

"శనివారం ప్రసంగం చెయ్యమన్నారు. దేవుడు నన్ను వాడుకుంటున్నాడంట."

"నా మిషనుకే నేను వారానికో రోజు సెలవిస్తాను. ఏడాదికోసారి సర్వీసింగ్ చేయిస్తాను. వాడుకునేవాడు ఆ మాత్రం చూసుకోవద్దూ?"

"దేవుడితో పరాచికాలా?"

"దేవుడితో కాదే. నీతో."

ఆవిడ మొహం తిప్పుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఫిబ్రవరి పేజీలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటితో పాటు ఇప్పుడు ప్రసంగం ఒకటి. వీటి మధ్యలో శుక్రవారం అక్కకి ఆపరేషన్.

అక్క గర్భసంచిలో గడ్డ ఉంది. తీసి పరీక్ష చేస్తేగాని అది ఎలాంటిదో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆ "ఎలాంటిదో" అనే మాట విన్నప్పటి నుంచి చిన్ని గుండెల్లో రాయి పడింది. అమ్మ పోయేనాటికి చిన్నికి పలక పట్టుకోవడం కూడా రాదు. తలకి నూనె రాసి జడ వేసింది అక్క, బడికి తీసుకెళ్ళింది అక్క, జ్వరమొస్తే తెల్లారేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అక్క. రాత్రి పడుకునే ముందు చేతులు జోడించి "యేసయ్యా" అనడం నేర్పింది కూడా అక్కే. ఆ మనిషికి ఏమన్నా అయితే? అక్కడిదాకా వచ్చి చిన్ని ఆలోచన ఆగిపోయేది.

శుక్రవారం పొద్దున్నే చిన్ని ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్క ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఉంగరం వేలికి బిగుసుకుపోతే సబ్బు నురగ రాసి లాగుతోంది నర్సు. ఊడి వచ్చిన ఉంగరాన్ని చిన్ని అరచేతిలో పెట్టి, చెల్లెలి భుజానికున్న సంచీ వైపు చూసింది అక్క.

"అదేంటే?"

"ల్యాప్‌టాప్. కొంచెం పనుంది, నువ్వు లోపలున్నప్పుడు చూసుకుందామని."

"దాన్ని కూడా అడ్మిట్ చేస్తారా?"

నర్సు నవ్వి వెళ్ళిపోయింది. చిన్ని సంచీని మంచం కిందకి తోసింది. బావగారికి ఆసుపత్రి వాసన పడదు. వార్డులోకి వస్తే కళ్ళు తిరుగుతాయని పొద్దున్నుంచీ కింద కాంటీన్‌లోనే కాపురం పెట్టారు. అలా అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. అక్క కబుర్లు చెప్తూనే ఉంది, పక్క మంచం ఆవిడ గురకపెట్టిన సంగతి, నీళ్ళు కూడా తాగనివ్వట్లేదన్న సంగతి. చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. చెయ్యి చాపి చిన్ని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"చిన్నీ, ప్రార్థన చెయ్యవే."

"పొద్దున్న పాస్టరు గారు వచ్చి చేశారన్నావు కదక్కా?"

"అది సంఘం తరఫున. ఇప్పుడు నువ్వు చెయ్యి." అక్క కళ్ళు మూసుకుంది.

చిన్ని కూడా కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. "ప్రేమగల తండ్రీ, నీ బిడ్డను నీ కృపగల హస్తములకు అప్పగించుచున్నాము. వైద్యుల చేతులను నడిపించి నీ నామమునకు మహిమ తెచ్చుకొనుము, ఆమెన్."

అక్క ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూసింది. రాకపోయేసరికి కళ్ళు తెరిచింది.

"అంతేనా?"

చిన్ని తల దించుకుంది.

"పుస్తకం కొనుక్కున్న వాళ్ళకి ఇచ్చేదే నాకూ ఇచ్చావా? అక్కా అని కూడా అనలేదే. నీ బిడ్డంట! ఎవరి బిడ్డ?" అక్కకి కోపం వచ్చింది, కోపం కింద ఉన్నది కూడా బయటికి వచ్చేసింది. "నాకు భయమేస్తోందే చిన్నీ. మీ బావ ముందు చెప్పుకోలేను, ఆ మనిషి నాకంటే ముందు పడిపోతాడు. నీతో చెప్తున్నాను. నాకోసం చెయ్యవే."

చిన్ని మళ్ళీ ప్రయత్నించింది. "ప్రేమగల తండ్రీ..." అదే మాట. దాని వెనకాల బారులు తీరి నిలబడ్డ అవే మాటలు. నోరు మూసేసింది.

"రావట్లేదక్కా."

"ఏంటి రావట్లేదు?"

"ప్రార్థన. చాలా నెలలైంది. రెండు లైన్లు రాగానే ఆగిపోతోంది. అది కూడా నాది కాదు, ఎక్కడో రాసిందే."

"మరి పుస్తకాలు వస్తున్నాయి కదే?"

"అవి వస్తున్నాయి. రాయడం వస్తోంది, చెయ్యడమే రావట్లేదు. నిద్ర లేదు. ఏం తింటున్నానో తెలీట్లేదు. ఫోన్ మోగితే కాళ్ళు వణుకుతున్నాయి. అందరూ నన్ను ప్రార్థన చెయ్యమంటారు, నాకేమో లోపల..." చేత్తో గుండె మీద కొట్టుకుంది. "ఇక్కడ ఏమీ లేదక్కా. ఎండిపోయింది."

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట, చెప్పకూడని చోట, చెప్పకూడని వేళ చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది. ఇంకాసేపట్లో కత్తి కిందికి వెళ్ళబోయే మనిషితోనా ఈ గోడు?

"మరి నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?"

"నీకే ఒంట్లో బాగాలేదు కదా అని..."

"గడ్డ నా కడుపులో ఉందే మొద్దూ, చెవుల్లో కాదు."

చిన్ని నవ్వబోయి ఏడ్చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క మంచం ఆవిడ, ఆపరేషన్ ఎవరికో తెలియక, తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అక్క చెల్లెలి తల లాక్కుని తన భుజం మీద పెట్టుకుంది.

"సరే ఏడువు. నేను చెప్తాను ఆయనతో," అని కళ్ళు మూసుకుంది.

"యేసయ్యా, నేనేనయ్యా. నా సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు దీన్ని చూడు. ఎలా చిక్కిపోయిందో చూడు. దీనికి నిద్ర పట్టట్లేదంట. చిన్నప్పుడూ అంతే, పరీక్షలంటే ముందురోజే జ్వరం తెచ్చుకునేది. ఎవరేమడిగినా సరేనంటుంది, కాదనడం నేను నేర్పలేదు దీనికి, నాదే తప్పు. అందరూ అడుగుతున్నారు, నువ్వైనా కొన్నాళ్ళు అడక్కయ్యా. నీ పని చెయ్యడానికి వేరే వాళ్ళే లేరా? ఇది ఒక్క ముక్క రాయకపోయినా నీకు ఇదంటే ఇష్టమే కదా. ఆ మాట నువ్వే చెప్పు దీనికి, నేను చెప్తే వినదు. అవునూ, మా ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, కాంటీన్‌లో కూర్చుని కూడా తినలేదంటే చూడు ఆ మనిషి వాలకం. ఇంట్లో గ్యాస్ కట్టేశానో లేదో కూడా గుర్తులేదు, అదీ కాస్త చూసుకో..."

"అమ్మా, వెళ్దామా?" స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చినతను మంచం పక్కన ఆగాడు.

"ఒక్క నిమిషం బాబూ. మాట్లాడుతున్నాం కదా," అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

అతను చుట్టూ చూశాడు. ఎవరితో మాట్లాడుతోందో అర్థమయ్యాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కానీ ఆపరేషన్ థియేటర్ వాళ్ళు నిలబడరు కదా. నర్సు వచ్చి తొందరపెట్టింది. ఇద్దరూ కలిసి అక్కని స్ట్రెచర్ మీదకి మార్చి, దుప్పటి కప్పి, వరండాలోకి తోశారు. చిన్ని పక్కనే పరుగులాంటి నడక నడిచింది. తలుపుల దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు అక్క తల ఎత్తి కేకేసింది.

"చిన్నీ! ఇంకా అవ్వలేదే. నా సంగతి చెప్పనేలేదు. నువ్వు చెప్పు!"

తలుపులు మూసుకున్నాయి.

చిన్ని బెంచీ మీద కూర్చుంది, అక్క ఉంగరం పిడికిట్లో పట్టుకుని. అక్క తనకోసం అడగాల్సిన సమయమంతా చెల్లెలికే ఖర్చుపెట్టేసింది. ఇప్పుడు అక్క కోసం అడగాల్సింది ఎవరు? తనే. తను అడక్కపోతే అక్క సంగతి ఎవరూ చెప్పనట్టే. కళ్ళు మూసుకుంది. "ప్రేమగల తండ్రీ." మింగేసింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ అదే. పళ్ళు బిగించి కూర్చుంది.

కాసేపటికి భర్త వచ్చాడు, షాపు మూసేసి. వేళ్ళకింకా అద్దాల పొడి తెల్లగా అంటుకునే ఉంది. ఏమీ అడక్కుండా పక్కన కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. ఎడిటరు గారు.

"వందనాలమ్మా. రేపు మిమ్మల్ని తీసుకురావడానికి కారు ఎన్నింటికి పంపమంటారు? ఫిబ్రవరి కూడా ఎంతవరకు వచ్చిందో..."

"రేపు నేను రానండీ."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని చిన్ని తనే ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది.

"అయ్యో! అక్కగారికి..."

"అక్క లోపలుంది. అందుక్కాదు. అక్క బాగుండి ఉన్నా నేను రాలేను. ఒత్తిడిని జయించడం ఎలాగో నాకు తెలీదండీ. నేను ప్రార్థన చేసి చాలా నెలలైంది."

ఎదురు బెంచీ వాళ్ళు తలలు తిప్పారు. భర్త కూడా తిప్పాడు. ఆయనకి నిద్ర సంగతి తెలుసు, కుక్కర్ సంగతి తెలుసు, ఇది తెలీదు.

"ఎన్నేళ్ళ నుంచో పేజీలు ఎంతవరకొచ్చాయనే అడిగాం," అన్నారు ఎడిటరు గారు, గొంతు తగ్గించి. "మీరెలా ఉన్నారని అడగలేదమ్మా. క్షమించండి." మంచి మనిషే. కానీ అలవాటు ఊరికే పోతుందా? "మరి ఫిబ్రవరి...?"

"వేరే ఎవరినైనా చూడండి. చిన్న నెలే కదా," అని చిన్ని ఫోన్ కట్టేసింది. భర్త ఆ ఫోన్ తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

గంటన్నర అన్నారు. గంటన్నర ఎప్పుడో దాటింది. అక్క తర్వాత లోపలికి వెళ్ళిన పెద్దాయన్ని బయటికి తీసుకొచ్చేశారు, అక్క రాలేదు. ఒక నర్సు రక్తం సంచీ పట్టుకుని గబగబా లోపలికి వెళ్ళింది. చిన్ని లేచి అడిగితే, "డాక్టరు గారు చెప్తారు," అని ఆగకుండా వెళ్ళిపోయింది. చిన్ని గోడ పట్టుకుని వరండా చివర కిటికీ దాకా నడిచింది. కింద పార్కింగులో స్కూటర్లు, నీడకోసం కొట్లాడుకుంటున్న రెండు కుక్కలు. ఆవిడ అటు చూస్తూ, గట్టిగా, మనిషితో అన్నట్టే అనేసింది.

"మా అక్కకి ఏమన్నా అయిందో, నీతో మాట్లాడను. చెప్తున్నా."

వెనకాలే వచ్చిన భర్త అక్కడే ఆగిపోయాడు.

"అంతా నీకే రాశాను కదా. తిండి మానేసి రాశాను, నిద్ర మానేసి రాశాను. ఒక్కసారైనా చాల్లే పడుకో అన్నావా? అన్నావేమో, నాకు వినబడలేదేమో, వినబడేట్టు అనొచ్చు కదా! అక్క భయపడుతోంది. నాతో చెప్పింది భయమేస్తోందని. ఎప్పుడూ అలా చెప్పే మనిషి కాదది. నేను కొయ్యబొమ్మలా కూర్చున్నాను దాని ముందు. నాకు జడ వేసింది అది. నీ పేరు నాకు చెప్పింది అది. అది లేకపోతే నువ్వెవరో నాకేం తెలుసు? దాన్ని తీసుకెళ్ళకు. ఇంకేమీ అడగను. కాదు, అడుగుతాను, చాలా అడుగుతాను, అవన్నీ తర్వాత. దాన్ని మాత్రం తీసుకెళ్ళకు. వింటున్నావా?"

ఎంతసేపు అలా తిట్టిందో, బతిమాలిందో ఆవిడకే తెలీదు. ఒక వరసా పాడూ లేదు, మొదలూ చివరా లేదు. ముక్కు తుడుచుకోవడానికి కొంగు సరిపోక భర్త చేతిరుమాలు అందించాడు. ఎడిటరు గారు చూసుంటే కళ్ళు తిరిగి పడిపోయేవారు. చిన్నికైతే అది ప్రార్థనన్న ఆలోచన కూడా రాలేదు.

డాక్టరు గారు బయటికి వచ్చినప్పుడు ఆయన టోపీ చెమటకి తడిసి ఉంది. గడ్డ పేగుకి అతుక్కుపోయి ఉందట, విడదీయడానికి ఆలస్యమైందట. "మొత్తం తీసేశాం. చూడటానికి మంచిదిగానే ఉంది. పరీక్షకి పంపాం, రిపోర్టు వచ్చేదాకా ఆగాలి. ఇప్పటికి మాత్రం భయం లేదు." బావగారు కాంటీన్ నుంచి మెట్లెక్కి వచ్చి ఆ మాట విని, ఆసుపత్రి వాసన కూడా మరిచిపోయి అక్కడే గోడకి జారగిలబడి కూర్చున్నారు. ఆయనకి ఏమైనా తినిపిద్దామని చిన్ని భర్త మళ్ళీ కిందికి తీసుకెళ్ళాడు.

సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచింది. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చిన్ని దూది తడిపి అద్దింది.

"చెప్పావా?" అంది అక్క. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"ఏంటక్కా?"

"నా సంగతి. ఆయనతో."

చెప్పానని ఒక మాట అనేస్తే సరిపోయేది. మనిషి సంతోషంగా పడుకునేది. చిన్ని నోటిదాకా వచ్చింది కూడా.

"సరిగ్గా చెప్పలేదక్కా. పోట్లాడాను."

అక్క కనుబొమలు కొంచెం పైకి లేచాయి. "ఆయనతోనా?"

"ఊఁ."

"గట్టిగానేనా?"

"గట్టిగానే. అందరూ చూశారు."

"మంచిపని చేశావు," అంది అక్క. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇన్నాళ్ళూ అంత మర్యాదగా మాట్లాడావంటే, పాపం, ఆయనకి మాత్రం విసుగు రాదూ?"

నవ్వబోతే కుట్లు లాగినట్టున్నాయి, "అమ్మా" అని మూలిగింది. చెల్లెలి చెయ్యి పట్టుకునే మళ్ళీ నిద్రలోకి జారింది. చిన్ని కాసేపు ఆ మొహం చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి ఇప్పుడు వెచ్చగా ఉంది. దాని పక్కనే, మంచం అంచు మీద, ఒక్క నిమిషం అనుకుని తల ఆనించింది.

భర్త కాంటీన్ నుంచి తిరిగొచ్చేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. చిన్ని నోరు తెరుచుకుని, వీపు లేచి పడుతుండగా, ఒళ్ళు తెలియని నిద్ర. ఆవిడ అలా నిద్రపోగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తులేదు. కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుని కూర్చున్నాడు.

నర్సు వచ్చింది. "అటెండెంట్లు బెడ్ మీద తల పెట్టకూడదండీ. ఆవిడని లేపండి."

"ఉండనివ్వండి సిస్టర్," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఆవిడ కూడా పేషెంటే."

"ఏం జబ్బు?"

ఆయన ఏదో ఒకటి అంటించకుండా ఊరుకునే మనిషి కాదు. ఈసారి మాత్రం ఏమీ తోచలేదు.

"అలసిపోయింది," అన్నాడు.

నర్సు ఇద్దరు అక్కాచెల్లెళ్ళనీ కాసేపు చూసింది. సెలైన్ సరిచేసి, చప్పుడు కాకుండా కర్టెన్ లాగి వెళ్ళిపోయింది.